కొండ ఊటకి మోటారు పెట్టొద్దంటున్నాడు మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న, కారణం తెలిసినవాళ్ళు చెప్పండి

దుగ్గిరాల_రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. పసుపు, మొక్కజొన్న, కాలువ వదిలితే వరి. గుంటూరులో ఇంజనీరింగ్ చదివినప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్‌ది హుకుంపేట మండలం, పాడేరు నుంచి అరకు వెళ్ళే దారిలో లోపలికి వెళ్తే కొండ మీద ముప్పై ఇళ్ళ ఊరు. గిరిజన కుటుంబం. వాడు సిటీలో ఉద్యోగం మానేసి ఊళ్ళోనే కూరగాయలు వేస్తున్నాడు. సంక్రాంతి తర్వాత వెళ్ళి నాలుగు రోజులు వాళ్ళింట్లో ఉండి వచ్చాను.

నలభై సెంట్లలో క్యాబేజీ, పక్కనే చిన్న మళ్ళలో క్యారెట్, బీన్స్. పైన రాళ్ళ మధ్య ఒక ఊట ఉంది, అక్కడి నుంచి అంగుళం నల్ల పైపు చెట్ల వేళ్ళ మీదుగా, బండల మీదుగా దిగి వచ్చి చేలో స్ప్రింక్లర్‌ని తిప్పుతోంది. మోటారు లేదు, కరెంటు లేదు, డీజిల్ లేదు. మా నాన్న కరెంటు ఎప్పుడొస్తుందా అని రాత్రిళ్ళు లేచి స్టార్టర్ దగ్గర కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి, అందుకే ఆ స్ప్రింక్లర్ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

విషయం ఏంటంటే, వాళ్ళకి ఇంకా రెండున్నర ఎకరాలు ఖాళీగా ఉంది, వానాకాలంలో చోళ్ళు, అంటే మన రాగులు, ఆ తర్వాత వలిసెలు అనే నూనెగింజలు తప్ప ఏమీ వేయరు. మొత్తం మూడెకరాలు కూరగాయలు వేద్దామని మావాడి ఆలోచన. పెట్టుబడి నేను పెడతానన్నాను. ఊట దగ్గర నాలుగడుగులు లోతు తవ్వి, సిమెంటు గోడ కట్టి, ఒక మోటారు దింపితే సరిపోతుంది కదా అన్నాను. వాళ్ళ నాన్న అంతవరకు నవ్వుతూ వింటున్న మనిషి, ఒక్కసారి ముఖం మారిపోయింది. నన్ను పైకి తీసుకెళ్ళాడు. ఊట ఇంకా పది గజాలుందనగా చెప్పులు విప్పేశాడు. పైపు మూతికి పాత చీర ముక్క చుట్టి ఉంది, దాని మీద రాయి. రాయి తీసి, ఆ గుడ్డకి అంటుకున్న ఆకుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో తీసి పక్కన పెట్టాడు. గుడ్డ కింద నుంచి చిన్న పీత ఒకటి బయటికొస్తే దాన్ని కూడా ఏమీ అనకుండా వదిలేశాడు. తర్వాత నాతో "ఊట నోట్లో చెయ్యి పెట్టకూడదు బాబూ, ఇది మా ఇంటిది కాదు, కింద ఎవరెవరు తాగుతున్నారో చూసి మాట్లాడండి" అన్నాడు. పైన ఉన్న చెట్లు కూడా ఎవరూ కొట్టరట.

పెద్దాయన మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ ఇది నమ్మకమా, లేక దీని వెనక నిజంగా నీళ్ళ లెక్క ఏమైనా ఉందా? మా వైపు నీళ్ళంటే కాలువ ఎప్పుడు వదులుతారు, వంతు ఎప్పుడొస్తుంది, చివరి భూములకి అందుతుందా లేదా, ఇంతే. కొండ మీద కూరగాయలు పండించేవాళ్ళు నీళ్ళని ఎలా చూస్తారో, ఎలా పంచుకుంటారో తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. మావాడు కూడా ఈ థ్రెడ్ చదువుతాడు.

నరసరావుపేట_మిర్చి:

తమ్ముడూ, ఊట జోలికి ఎందుకు, పొలంలోనే బోరు వేయించు. పెద్దాయన మాట పోదు, మీ పనీ అవుతుంది. మా మిర్చికి బోరే దిక్కు, సాగర్ కాలువని నమ్ముకుంటే రెండు కోతలైనా దక్కవు. సోలార్ పంపు పెట్టుకుంటే కరెంటు బాధ కూడా ఉండదు.

గుణదల_సూర్యం:

బోరు సలహా వద్దు బాబూ, ఎందుకో చెబుతాను. నేను ఇప్పుడు విజయవాడలో ఉంటున్నా కానీ పాడేరు ఏజెన్సీలో తొమ్మిదేళ్ళు కూరగాయల రైతులతోనే పనిచేశాను. చింతపల్లి వైపు రాజ్మా, పాడేరు వైపు క్యాబేజీ, బంగాళదుంప, టమాటా. మొదటి ఏడాది నేనూ అచ్చం నీలాగే మాట్లాడాను.

ముందు రాయి సంగతి. ఆ కొండలు ఖోండలైట్, చార్నోకైట్ రాళ్ళు, కింద గట్టి బండ. పైన కొన్ని మీటర్ల మందాన పుచ్చిపోయి మెత్తబడిన రాతి పొర, మట్టి ఉంటాయి. వాన నీళ్ళన్నీ ఆ పైపొరలోనే నిలుస్తాయి, మెల్లగా జారుతూ వచ్చి ఎక్కడ బండ అడ్డం తగిలితే అక్కడ బయటికొస్తాయి. ఊటంటే అదే. కాబట్టి ఆ వాలులో బోరు వేస్తే రెండే జరుగుతాయి. బండ తగిలి డబ్బు పోవడం ఒకటి, నీళ్ళు పడితే అవి ఆ ఊటకి రావలసిన నీళ్ళే కావడం రెండోది. కొత్తగా నీళ్ళేమీ పుట్టవు, పైన లాగితే కింద తగ్గుతుంది. నీళ్ళు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన 2002 వాల్టా చట్టం ప్రకారం బోరుకి అనుమతి కూడా కావాలి.

ఇక ఊటలో మోటారు. మన కాలువలో నీళ్ళు పైనుంచి వస్తూనే ఉంటాయి కాబట్టి పెద్ద మోటారు పెడితే ఎక్కువ నీళ్ళు వస్తాయి. ఊట అలా కాదు. నిమిషానికి ఎంత ఊరుతుందో అంతే, మోటారు దాన్ని పెంచలేదు. పది నిమిషాల్లో చెలమ ఖాళీ చేసి గాలి పీలుస్తుంది, అంతే. అప్పుడు ఇంకా లోతు తవ్వాలనిపిస్తుంది. అలా తవ్వి నీళ్ళు బయటికొచ్చే మట్టం కిందికి దించేస్తే, వేసవి కోసం లోపల దాచుకున్న నీళ్ళు చలికాలంలోనే కారిపోతాయి. సిమెంటు గోడ ఎత్తుగా కట్టడం దీనికి రివర్సు తప్పు. వెనక నీటి మట్టం పెరిగి ఒత్తిడి పడితే ఊట ఇంకో సందు చూసుకుంటుంది. మాకు తెలిసిన ఒక ఊళ్ళో ఇలాగే మంచి ఉద్దేశంతో గట్టి గోడ కట్టారు, రెండేళ్ళకి నీళ్ళు గోడ పక్కనుంచి కాక ముప్పై అడుగుల దిగువన ఇంకొకరి చేలో బయటపడ్డాయి, పైపు మూతి ఎండిపోయింది. అందుకే ఊట దగ్గర పెట్టె కట్టినా నీళ్ళు బయటికొచ్చే సహజ మట్టం కంటే పైపు ఎత్తులో ఉండకూడదు. పెద్దాయన "ఊట నోట్లో చెయ్యి పెట్టకూడదు" అన్నది ఇదే. ఆయన మాటల్లో చెప్పాడు, నేను నా మాటల్లో చెప్పాను.

పంచుకోవడం ఎలా అంటే, నేను చూసిన ఊళ్ళలో వరస ఒకటే. మొదట తాగడానికి, ఆ తర్వాత పశువులకి, ఆ తర్వాత గెడ్డ, అంటే కొండ వాగు వెంబడి పల్లంలో ఉన్న వరి మళ్ళకి, ఆ తర్వాతే వాలులో కూరగాయలకి. ఎవరి పైపు ఎక్కడ తగిలించాలన్నా ఊరి పెద్దల ముందు మాట్లాడుకోవలసిందే. పైపు వేసిన రోజు అందరూ మోస్తారు కాబట్టి ఆ పైపు ఒక్కరిది అనుకోరు. మన దగ్గర నీటి సంఘాలు 1997 చట్టంతో వచ్చాయి, తూము దగ్గర లస్కరు ఉంటాడు, గొడవైతే ఆఫీసు ఉంటుంది. అక్కడ తూము కాపలాదారు ఎవరూ లేరు, రోజూ పొద్దున పైకి వెళ్ళి ఆకులు తీసేవాడే కాపలాదారు.

పైన చెట్లు కొట్టకపోవడం కూడా లెక్కే. వాలు మీద బోడిగా ఉంటే వాన దెబ్బకి మట్టి గట్టిపడి నీళ్ళు పైపైనే జారిపోతాయి. ఆకుల దుప్పటి, వేళ్ళు ఉంటే లోపలికి ఇంకుతాయి. ఊట పైభాగం పోడు కొట్టిన చోట ఏప్రిల్‌లో ఏం జరుగుతుందో అక్కడి ఆడవాళ్ళని అడగండి, బిందెలు పట్టుకుని కిలోమీటర్లు నడిచేది వాళ్ళే కాబట్టి వాళ్ళకి తెలిసినంత మా ఆఫీసర్లకి కూడా తెలియదు.

ఇంకో ముఖ్యమైన మాట. పెట్టుబడి పెడతానన్నావు, స్నేహంగా అప్పు ఇవ్వు, మంచిదే. కానీ భూమి కౌలు, భాగం, తనఖా లాంటి కాగితం ఏదీ రాసుకోవద్దు. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదిలీ నిబంధన, 1970లో సవరించాక అందరూ 1/70 అంటారు, దాని ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనడమే కాదు, కౌలుకి తీసుకోవడం కూడా చెల్లదు. నీ ఉద్దేశం మంచిదే అయినా మీ ఇద్దరి మధ్య అలాంటి కాగితం వద్దు.

నువ్వు కాలువ గురించి రాశావు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఆ చుట్టుపక్కల గెడ్డలు చాలావరకు మత్స్యగెడ్డలో కలుస్తాయి. మత్స్యగుండం పేరు విన్నావా, హుకుంపేట మండలంలోనే, ఆ మడుగులో చేపల్ని ఎవరూ పట్టరు, దేవుడి చేపలు. ఆ మత్స్యగెడ్డే ముందుకెళ్ళి మాచ్‌ఖండ్, తర్వాత సీలేరు, అది శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. 2015 నుంచి పట్టిసీమలో గోదావరి నీళ్ళు ఎత్తి పోలవరం కుడి కాలువలో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి తెస్తున్నారు. అక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీ, అక్కడి నుంచి మీ పశ్చిమ డెల్టా కాలువ. అంటే వానాకాలంలో మీ నారుమడికి వచ్చే నీళ్ళలో మీవాడి కొండ నీళ్ళు కూడా కొన్ని ఉన్నాయి.

దుగ్గిరాల_రైతుబిడ్డ:

సూర్యం గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. చివరి పేరా మా నాన్నకి చదివి వినిపించాను, ఆయన ఇంకోసారి చదవమన్నారు. 1/70 సంగతి నాకు నిజంగా తెలియదు, కాగితాల ఆలోచన మానేశాను.

ఇప్పుడే మావాడికి ఫోన్ చేసి ఊట కొలవమన్నాను. పదిహేను లీటర్ల బకెట్ పైపు కింద పెడితే యాభై సెకన్లలో నిండిందట, మూడుసార్లు చూశాడు. పోయిన ఏడాది ఏప్రిల్ చివర్లో కూడా ఇంచుమించు ఇంతే ఉందంటున్నాడు, అంతకంటే తగ్గడం వాళ్ళ నాన్న చూడలేదట. దీంతో మూడెకరాలు అవుతాయా కావా, లెక్క ఎలా వేయాలి? నా మొదటి అంచనా ప్రకారం అయితే బోలెడు నీళ్ళు వృథాగా పోతున్నాయనిపించింది, రాత్రంతా కారుతూనే ఉంటుంది కదా.

బ్రాడీపేట_డాక్టరమ్మ:

ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నాను. మాది గుంటూరు, మెడిసిన్ ఫిలిప్పీన్స్‌లో బాగియోలో చదివాను. బాగియో చుట్టూ ఉన్న బెంగెట్ ప్రావిన్స్ అంతా కొండల మీద కూరగాయలే, క్యాబేజీ, క్యారెట్, బంగాళదుంప, మన బెంగళూరు వంకాయ కూడా. మనీలాకి వెళ్ళే చలి కూరగాయల్లో ఎక్కువ భాగం అక్కడివే. మా ఇంటి ఓనరమ్మ వాళ్ళ తమ్ముడికి ఆటోక్ అనే చోట తోట ఉంది, సెలవులకి రెండు మూడుసార్లు వెళ్ళాను. బాగియో నుంచి హాల్సెమా హైవే మీద వెళ్ళాలి, ఆ రోడ్డు ఆటోక్ దగ్గర రెండు వేల రెండొందల మీటర్ల ఎత్తు దాటుతుంది, చెవులు మూసుకుపోతాయి.

మీరు చెప్పిన నల్ల పైపు ఉంది చూడండి, అక్కడ రోడ్డు పక్కన అవి గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఒక్కో రైతుది ఒక్కో పైపు, కిలోమీటర్ల దూరం నుంచి కూడా తెచ్చుకుంటారు, లోయ అడ్డం వస్తే ఇనప తీగ కట్టి దాని మీద వేలాడదీస్తారు. మొదటిసారి చూసినప్పుడు కేబుల్ టీవీ వైర్లు అనుకున్నాను.

ఆశ్చర్యం ఏంటంటే అక్కడ వాన తక్కువ కాదు. 1911 జులైలో బాగియోలో ఒక్క రోజులో 1168 మిల్లీమీటర్లు పడిందని రికార్డు ఉంది, మన గుంటూరులో మామూలుగా ఏడాదంతా కలిపినా అంత పడదు. అయినా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళ కోసం కటకటే. ఏటవాలు కొండ, పడినదంతా పడినట్టే కిందికి పోతుంది. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్ళు కొని క్యాబేజీకి పోసేవాళ్ళని కూడా చూశాను. ఓనరమ్మ తమ్ముడికి కూరగాయల ధర ఎంత టెన్షనో, ఊట అంతే టెన్షన్.

ఊట ఎవరిదంటే, అక్కడి కంకనాయి, ఇబలోయ్ తెగల వాళ్ళ ఆచారం ప్రకారం మొదట దాన్ని కనుక్కుని బాగుచేసుకున్న కుటుంబానిది. కానీ చుట్టాలు, పక్కవాళ్ళు వచ్చి అడిగితే కాదనరు, పైపు మోయడానికి, ట్యాంకు కట్టడానికి ఒక చెయ్యి వేయాలి, అంతే. చట్టం ప్రకారం చూస్తే 1976 నీటి కోడ్‌లో నీళ్ళన్నీ ప్రభుత్వానివి, పర్మిట్ తీసుకోవాలి. ఆ తమ్ముడిని ఒకసారి అడిగాను పర్మిట్ ఉందా అని. "మా తాతని అడిగి పెట్టుకున్నాం" అన్నాడు, ఆయన దృష్టిలో అదే పర్మిట్.

ఇంకొకటి నా కళ్ళతో చూసింది. జనవరిలో అక్కడ పొగమంచు కాదు, ఆకుల మీద గడ్డకట్టిన మంచు పడుతుంది, వాళ్ళు అందాప్ అంటారు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంట్లో అందరూ లేచి, చలికి చేతులు కొంకర్లు పోతున్నా, హోస్ పట్టుకుని క్యాబేజీ మీద నీళ్ళు కొడుతున్నారు. ఎందుకంటే ఆ మంచు మీద సూర్యుడి వేడి సూటిగా పడితే ఆకు ఉడికినట్టు నల్లబడిపోతుంది, సూర్యుడు రాకముందే నీళ్ళతో కడిగేస్తే బతుకుతుంది. నేనూ ఒక హోస్ పట్టుకున్నాను. ఆ నలభై నిమిషాలు ఊట నీళ్ళు చేతికి గోరువెచ్చగా అనిపించాయి, భూమి లోపలి నుంచి వచ్చే నీళ్ళు కాబట్టి. అంటే వాళ్ళకి నీళ్ళు దాహం తీర్చేదే కాదు, పంటకి ఆ గంట సేపు దుప్పటి కూడా. మీ ఫ్రెండ్‌ది కూడా చలి ప్రాంతమే కాబట్టి ట్యాంకులో తెల్లవారుజాముకి కొన్ని నీళ్ళు మిగిలేలా చూసుకోమనండి.

బాధపడే విషయం కూడా చెప్పాలి. కూరగాయలకి డబ్బు బాగా వస్తోందని పైన ఉన్న అడవిని కొట్టుకుంటూ పోయారు. మౌంట్ డాటా అని జాతీయ పార్కు పేరుతో ఉన్న కొండ చాలావరకు ఇప్పుడు క్యాబేజీ తోటలే. ఆగ్నో, చికో లాంటి పెద్ద నదులు పుట్టే చోటు అది. ఓనరమ్మ చిన్నప్పుడు నీళ్ళు పట్టిన రెండు ఊటలు ఆమె నాకు చూపించింది, రెండూ పొడిగా ఉన్నాయి, పక్కనే క్యారెట్ తోట. ఆమె ఏమీ అనలేదు, అక్కడే కాసేపు నిలబడింది. కొండ కడిగేసుకుపోయిన మట్టి ఎక్కడికి పోతుందో కూడా అక్కడ కళ్ళకి కనిపిస్తుంది, ఆగ్నో మీద 1956లో కట్టిన అంబుక్లావ్ డ్యామ్ పూడికతో, 1990 భూకంపం తర్వాత మరీ నిండిపోయి, కొన్నేళ్ళు కరెంటు తీయడమే ఆపేశారు. మీ ఫ్రెండ్ వాళ్ళ నాన్న చెట్లు కొట్టనివ్వకపోవడం ఎంత పెద్ద విషయమో ఆ ఊటల దగ్గర నిలబడినవాళ్ళకి తెలుస్తుంది.

కృష్ణలంక_పద్మ:

మేము కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయల వ్యాపారం చేస్తాం, ఊటీ క్యారెట్ లోడు కోసం మావారితో రెండుసార్లు నీలగిరికి వెళ్ళాను. అందరం ఇక్కడ "ఊటీ క్యారెట్ చూడండి ఎంత నిగనిగలాడుతోందో" అని అమ్ముతాం కదా, ఆ నిగారింపు నీళ్ళే. కేత్తి వైపు వాగుల పక్కన పెద్ద డ్రమ్ముల్లో తిప్పి కడుగుతారు, కడిగిన నీళ్ళు ఎర్రమట్టితో మళ్ళీ వాగులోకి. అక్కడి ఒక రైతు ఆడమనిషి నాతో అంది, మీ ఊరివాళ్ళు మట్టి ఉన్న క్యారెట్ కొంటే మా వాగు బాగుంటుందని. అప్పటి నుంచి నేను కొంచెం మట్టి ఉన్నా పక్కకి తీసేయడం మానేశాను, కొనేవాళ్ళకి కూడా చెబుతున్నాను, మట్టి ఉన్నది రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది కూడా.

అక్కడ కూడా డిసెంబరు, జనవరిల్లో తెల్లారకముందే స్ప్రింక్లర్లు తిప్పుతారు, డాక్టరమ్మ చెప్పినట్టే మంచుకి. బోర్ల మీద ఆంక్షలు ఉన్నాయి. ఒక విషయం మాత్రం నాకు నచ్చలేదు, చాలామంది క్యారెట్, బంగాళదుంప చాళ్ళు వాలుకి నిలువుగా వేస్తారు, నీళ్ళు నిలిచి దుంప కుళ్ళకుండా అట. వాన పడితే ఆ చాళ్ళ వెంట మట్టి కాలువలా దిగిపోతుంది. మీ ఫ్రెండ్‌ని అడ్డంగా, కొద్దిపాటి వాలుతో వేయమనండి, చివర ఒక గడ్డి గట్టు పెట్టమనండి. పురుగుమందు డబ్బాలు గెడ్డలో కడగొద్దని కూడా గట్టిగా చెప్పండి, కింద తాగేవాళ్ళున్నారన్నారు కదా.

క్యాబేజీ మూడెకరాలు ఒకేసారి వేయడం కూడా వద్దు నాయనా. మార్కెట్లో రేటు పడిపోయిన రోజు లారీ బాడుగ కూడా రాదు, కళ్ళారా చూస్తున్నాను. పదిహేను రోజులకి కొంచెం కొంచెంగా వేస్తే నీళ్ళూ సరిపోతాయి, రేటులో కూడా దెబ్బ తక్కువ.

గుణదల_సూర్యం:

పద్మ గారు చెప్పింది అక్షరాలా నిజం, నా లెక్క కూడా అక్కడికే వస్తుంది.

బాబూ, యాభై సెకన్లకి పదిహేను లీటర్లంటే నిమిషానికి 18, గంటకి 1,080, రోజుకి సుమారు 25,900 లీటర్లు. ముప్పై ఇళ్ళు, ఇంటికి అయిదుగురు, మనిషికి 55 లీటర్లు వేసుకుంటే 8,250 ఊరికి. మిగిలింది 17,600 చిల్లర. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీళ్ళంటే 4,047 లీటర్లు. వేసవి మొదట్లో కూరగాయలకి రోజుకి నాలుగు మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 16,000 పైన. అంటే ఏప్రిల్‌లో ఈ ఊట ఊరికి నీళ్ళిచ్చి ఒక్క ఎకరాన్ని మోస్తుంది, అంతే. మూడెకరాలకి 48 వేలు కావాలి. పైగా నేను పశువుల్ని లెక్కలో వేయలేదు, కింద వరి మళ్ళని వేయలేదు. నిమిషానికి 18 లీటర్ల ఊటలో నిమిషానికి వంద లాగే మోటారు పెడితే ఏమయ్యేదో ఇప్పుడు నువ్వే చూడు.

రాత్రి కారే నీళ్ళు వృథా అన్నావు. అవి గెడ్డలోకి, అక్కడి నుంచి వరి మళ్ళలోకి పోతున్నాయి కాబట్టి మొత్తం పట్టేయకూడదు, కింది వాళ్ళతో మాట్లాడి ఒక భాగం పట్టుకోవచ్చు. రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి అయిదు దాకా పూర్తిగా పడితే 9,700 లీటర్లు, కాబట్టి అయిదు వేల లీటర్ల ట్యాంకులు రెండు చాలు. ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. ప్రతి పది మీటర్ల ఎత్తుకి ఇంచుమించు ఒక కేజీ ప్రెజర్ వస్తుంది. డ్రిప్‌కి పది మీటర్ల పైన పెడితే నడుస్తుంది, స్ప్రింక్లర్ బాగా తిరగాలంటే ఇరవై. వాళ్ళ స్ప్రింక్లర్ మోటారు లేకుండా తిరగడం వెనక రహస్యం ఆ ఎత్తే. పైపు మధ్యలో ఎక్కడైనా ఎత్తెక్కి దిగితే అక్కడ గాలి చిక్కుకుని నీళ్ళు ఆగిపోతాయి, ఆ మలుపు మీద చిన్న టీ జాయింటు పెట్టి గాలి వదిలే గొట్టం నిలబెట్టమను. పైపు పైపైన ఉంచకుండా వీలైన చోటల్లా జానెడు లోతున పూడ్చమను, వేసవిలో అడవి తగలబడితే పైపు కరిగిపోయిన ఊళ్ళు చూశాను.

పంటల వరస ఇలా చేస్తే బాగుంటుంది. అక్టోబరులో భూమిలో తడి ఉండగానే ఎకరంన్నరలో రాజ్మా వేయమను, ఆ తడితోనే చాలావరకు నడుస్తుంది, ఊట మీద భారం పడదు. క్యాబేజీ, క్యారెట్ పద్మ గారు చెప్పినట్టు విడతలు విడతలుగా ఎకరంలో. ఫిబ్రవరి దాటాక అర ఎకరం డ్రిప్ మీద మాత్రమే. మిగతాది చోళ్ళకి, వలిసెలకి ఉండనివ్వండి.

దుగ్గిరాల_రైతుబిడ్డ:

ఈ లెక్క మావాడికి పంపాను, వాడు వాళ్ళ నాన్నకి చదివి వినిపించాడు. పెద్దాయన మొత్తం విని "అర ఎకరం కాదు, ముప్పై సెంట్లు, గొడ్లని లెక్కేయలేదుగా" అన్నాడట. సరే, ముప్పై సెంట్లే.

మోటారు డబ్బుతో రెండు ట్యాంకులు కొంటున్నాం. ట్యాంకులు పైకి మోయడానికి ఊళ్ళో పదిమంది వస్తామన్నారు, కింది వరి మళ్ళ వాళ్ళతో వచ్చే ఆదివారం కూర్చుంటున్నారు, రాత్రి నీళ్ళలో ఎవరికెంత అని. నేను కూడా వెళ్తున్నాను. సూర్యం గారూ, ట్యాంకు కింద దిమ్మ రాతితో కట్టాలా సిమెంటా, ఆ వాలులో ఎంత మందం ఉండాలి? పద్మ అక్కా, రాజ్మా విజయవాడలో కొనేవాళ్ళెవరైనా తెలిస్తే ఇక్కడే రాయండి.

గుణదల_సూర్యం:

రాతి దిమ్మే, అక్కడ రాయికి కొదవ లేదు. ముందు వాలుని కోసి చదును చేయండి, పోసిన కొత్త మట్టి మీద కట్టొద్దు, కోసిన గట్టి నేల మీదే కట్టండి. నిండిన ట్యాంకు ఒక్కోటి అయిదు టన్నులు. దిమ్మ ఒకటిన్నర అడుగు మందం, ట్యాంకు కంటే చుట్టూ అడుగు వెడల్పు. పొంగిన నీళ్ళు దిమ్మ పక్కన పడకుండా పైపుతో గెడ్డ దాకా తీసుకెళ్ళండి. ఆదివారం బయలుదేరే ముందు ఫోటోలు పెట్టు, చూస్తాను.